ఇరవై నిమిషాల పందెం, ఏడాది పొడుగునా చాకిరీ

విజయవాడ హోటళ్లలో మీగడ వేసి వడ్డించే ఉలవచారు పుట్టింది పశువుల కొట్టంలో. ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి గింజలు వాటికి పెట్టి, మిగిలిన కట్టు పారబోయడానికి మనసొప్పక చారు కాచుకున్నారని కృష్ణా జిల్లాలో పెద్దలు చెబుతారు. ఉలవకు ఇంగ్లీషులో ఉన్న పేరు హార్స్ గ్రామ్, అంటే గుర్రపు గింజ. ఒకే గింజ ఒకచోట గుర్రానికి, మరోచోట ఎద్దుకు సత్తువైంది.

విజయవాడలో రేస్‌కోర్సు లేదు. తెలుగువాళ్లకు గుర్రప్పందెం అంటే హైదరాబాదు మలక్‌పేట. రేసుగుర్రాల లాయాల్లో వాటిని సాకే సైసులు తెల్లవారకముందే లేచి, పేడ ఎత్తి, గుర్రాలను తోమి, కసరత్తుకు నడిపిస్తారు. కృష్ణా డెల్టాలో ఈ బతుక్కి సాటి వచ్చేది బండలాగుడు పోటీల కోసం ఒంగోలు జాతి ఎద్దులను సాకే కొట్టాల బతుకు. సంక్రాంతికి గుడివాడలో, తిరునాళ్లకు ఊరూరా జరిగే ఈ పోటీలను వేలమంది చూస్తారు. కొట్టంలో జరిగే పనిని మాత్రం చూసేవాళ్లు తక్కువ. అసలు విద్య అక్కడే ఉంది.

ముందు పోటీ సంగతి. జత ఎద్దులు బరువైన రాతిబండను బాట చివరిదాకా లాగి, తిరిగి, మళ్లీ లాగాలి. విభాగాన్ని బట్టి పది, పదిహేను, ఇరవై నిమిషాల గడువు ఉంటుంది. ఆ గడువులో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. విభాగాల పేర్లు పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్, సీనియర్.

వయసును పళ్లతో కొలవడానికి కారణం ఉంది. పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడలో ముందు ఎనిమిది పళ్లుంటాయి. దేశవాళీ పశువుకు రెండున్నర, మూడేళ్ల ప్రాంతంలో నడిమి పాలపళ్ల జత ఊడి శాశ్వతమైనవి వస్తాయి. తర్వాత ఇంచుమించు ఏడాదికో జత చొప్పున మారుతూ పోతాయి. పుట్టినతేదీ రాసిపెట్టని పల్లెలో నోరు తెరిచి చూస్తే వయసు తెలిసిపోతుంది. రేసుగుర్రాల పద్ధతి వేరు. ఏ నెలలో పుట్టినా మన దేశంలో వాటి వయసు జనవరి 1తో ఒక ఏడాది పెరిగినట్టు లెక్క. అయితే రెండుచోట్లా ఉద్దేశం ఒకటే. లేత ఎముకల మీద ముదురు బరువు పడకూడదు.

కొట్టంలో రోజు చీకటితోనే మొదలవుతుంది. పేడ తీసి నేల ఆరబెట్టడం మొదటి పని. డెల్టా నల్లరేగడి తడిస్తే ఆరదు. తేమలో నిలబడ్డ ఎద్దుకు గిట్టల మధ్య చర్మం చెడుతుంది, కుంటితే నెలల కష్టం పోతుంది. గుర్రానికి ఒకే గిట్ట కాబట్టి కాలికి ఒక లాడం చాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక కాలికి రెండు చొప్పున ఎనిమిది లాడాలు కొట్టాలి.

తర్వాత మేత. డెల్టాలో వరి కోతకు ముందే చేలో చల్లే జనుము, పిల్లిపెసర పశువుకు మంచి పచ్చిమేత. ఏడాదంతా ఆధారం వరిగడ్డి. దానికి తోడు తవుడు, చిట్టు, ఉడికించిన ఉలవలు. పందెం దగ్గరపడిందని ఉలవలు ఒక్కసారిగా పెంచేవాళ్లు ఎద్దుకు చెరుపు చేస్తారు. దాని పొట్టకు నాలుగు గదులు. మొదటి గదిలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి అరిగిస్తాయి. గింజలు హఠాత్తుగా ఎక్కువైతే అక్కడ ఆమ్లం పెరిగి ఆ సూక్ష్మజీవులు చస్తాయి, పశువు మేత మానేస్తుంది. గుర్రం ఇబ్బంది మరో రకం. దాని పొట్ట చిన్నది, తిన్నది వాంతి చేసుకోలేదు. అందుకే గుర్రానికి కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టాలి. ఎద్దుకు కడుపునిండా పెట్టి, నెమరు వేసుకోవడానికి తీరిక ఇవ్వాలి. రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు అది నెమరుకే ఖర్చుపెడుతుంది. అనుభవం ఉన్న మనిషి పొద్దున కొట్టంలో అడుగుపెట్టగానే చూసేది కండలను కాదు, దవడలను. నెమరు ఆగిన ఎద్దు మెడ మీద కాడి పెట్టడు.

సాధన మెల్లగా సాగాలి. మొదట ఉత్త కాడి, తర్వాత తేలిక బరువు, ఆపైన బండ. కాడి మూపురానికి ముందు మెడ మీద ఆనుతుంది. అక్కడ ఒరుసుకుని పుండైతే, మానేదాకా పని ఆపడం తప్ప మందు లేదు. జత కుదర్చడం ఇంకా కష్టం. వలపటి ఎద్దు చురుకై దాపటిది మందమైతే బండ పక్కకు గుంజుకుపోతుంది, బరువంతా ఒకదాని భుజాన పడుతుంది. అందుకే రెంటినీ పక్కపక్కనే కట్టి, ఒకే వేళకు మేపి, ఒకే గొంతుతో అదిలించాలి. సాయంత్రం కాలువలోనో చెరువులోనో కడగడం శుభ్రానికి మాత్రమే కాదు. ఒళ్లంతా చేతులు తిరుగుతాయి కనుక వాపు, పిడుదు, ముల్లు అప్పుడే దొరుకుతాయి. ఆరునెలలకోసారి గాలికుంటు టీకా, వానాకాలానికి ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు తప్పనిసరి.

ఈ శ్రమకు ఇప్పుడు మరో విలువ వచ్చింది. దుక్కికి ట్రాక్టరు వచ్చాక డెల్టా ఇళ్లలో ఎద్దుల జతలు కరిగిపోయాయి. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరుగుతున్న పశువులకు మూలం మన ఒంగోలు జాతే. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు మోసిన ఆబోతు 1960ల్లో అక్కడికి చేరి ఆ జాతినే తీర్చిదిద్దింది. ఇక్కడ గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రంతో పాటు ఈ జాతిని నిలబెడుతున్నది పందెపు కొట్టాలే.

అలాగని పందెంలో జరిగేదంతా ఒప్పుకోలేం. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ తప్పుపట్టింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకోగా, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. కానీ బరువు లాగే పశువుల కోసం 1965లోనే కేంద్రం చేసిన నియమాలు ఉన్నాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి, ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టకూడదు. ములుకర్ర అసలే వాడకూడదు. కొట్టంలో పని సరిగ్గా జరిగిన ఎద్దుకు ములుకర్ర అవసరం రాదు. బాట మీద పడే ప్రతి దెబ్బా ఇంటి దగ్గర చేయని సాధనకు రుజువు.

ఇంకో లోటు ఉంది. మైకులో ఎద్దుల యజమాని పేరు, ఊరి పేరు మారుమోగుతాయి. రేసు పుస్తకంలో యజమాని, ట్రైనర్, జాకీ పేర్లు అచ్చవుతాయి. పేడ ఎత్తి, మేత కలిపి, రాత్రి నెమరు విని నిద్రపోయే పాలేరు పేరు, సైసు పేరు ఎక్కడా కనబడవు.

పోటీలు జరిపించే కమిటీలకు మూడు విన్నపాలు. ఎండ ముదరకముందే పోటీ ముగించండి. ములుకర్ర పట్టిన జతను బాట మీదికి రానివ్వకండి. గెలిచిన జత పేరు చదివేటప్పుడు, వాటిని సాకిన మనిషి పేరు కూడా చదవండి.