మనసు కుంగినప్పుడు విస్తరి వంక కూడా చూడండి

ఇంటిలో పెద్దవారు ఒకరు ఉన్నట్టుండి మారిపోతారు. నిన్నటి వరకు అందరినీ పలకరించిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంటారు. చిన్న మాటకే కంటతడి పెడతారు. పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టారో మరచి, ఎవరో తీశారని అనుమానిస్తారు. అటువంటప్పుడు మన ఇళ్ళలో వినిపించే మాటలు మూడే. "వయసు మీదపడింది", "మనోవ్యాధికి మందు లేదు", "ఏదో గాలి సోకింది".

తిరుపతిలో నాలుగు దశాబ్దాలుగా వైద్యం చేస్తున్న నేను ఈ మూడు మాటలనూ లెక్కలేనన్ని సార్లు విన్నాను. "ఈ మనిషి కొంతకాలంగా ఏమి తింటున్నారు?" అని అడిగినవారిని మాత్రం అరుదుగా చూశాను. ఒకసారి నేను కూడా ఆ ప్రశ్న అడగడం మరచాను. దాని ఫలితమేమిటో ఈ వ్యాసంలోనే చెబుతాను.

అన్నానికీ మనసుకూ ముడి

స్వర్ణముఖి ఒడ్డున మా గురువుగారి వద్ద చదువుకునే రోజులలో మాకు మొదట నేర్పినది మూలికల పేర్లు కాదు, రోగిని ప్రశ్నించే పద్ధతి. ఆకలి ఎట్లా ఉంది, నిద్ర ఎట్లా ఉంది, విస్తరిలో ఏముంది, ఏది మానేశారు అని అడిగిన తరువాతనే నాడి మీద వేలు పెట్టాలని ఆయన నియమం. చరక సంహితలో ఉన్మాదానికి చెప్పిన కారణాలలో విరుద్ధమైన, చెడిపోయిన, అపరిశుభ్రమైన ఆహారం కూడా ఉన్నదని గుర్తు చేసేవారు.

ఈ విషయం బోధించేటప్పుడు ఆయన ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు కథ చెప్పేవారు. తినే అన్నంలోని సూక్ష్మాంశమే మనసు అవుతుందని తండ్రి ఉద్దాలకుడు చెప్పాడు. కుమారునికి నమ్మకం కలగలేదు. పదిహేను రోజులు నీరు మాత్రమే త్రాగి ఉండమని తండ్రి ఆజ్ఞాపించాడు. ఆ తరువాత వేదం వల్లించమంటే, చదివినదేదీ శ్వేతకేతువుకు జ్ఞాపకం రాలేదు. భోజనం చేసి వచ్చిన పిదప అంతా తిరిగి స్ఫురించింది. ఇది తత్త్వబోధ కొరకు చెప్పిన కథయే అయినా, ఇందులో ఒక పరీక్ష ఉన్నది. లోపం కలిగించి చూశారు, లోపం తీర్చి చూశారు. ఆధునిక పరిశోధకులు చేసేది కూడా ఇదే.

జొన్న తెలిపిన సత్యం

ఈ సత్యం మన తెలుగు నేల మీదనే మరొక రూపంలో బయటపడింది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కొరకు ఆరంభమైన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారంగా బ్రతికే పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించడం అక్కడి వైద్యుల దృష్టిని ఆకర్షించింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పొలుసులూడటం, విరేచనాలు, మనసు చెదరటం, ఈ మూడూ ఆ వ్యాధి లక్షణాలు. పలువురిలో మొదట కనిపించేది నిద్రలేమి, దిగులు, చిరాకు. ముదిరితే తానెక్కడున్నదీ రోగికి తెలియదు. చర్మాన్ని గమనించనివారు అట్టివారిని పిచ్చివారిగానే జమకడతారు.

అమెరికాలో మొక్కజొన్న మీద ఆధారపడిన పేదలలో ఇదే వ్యాధి వేలమందిని బలిగొన్నది. అది అంటువ్యాధి కాదు, ఆహారలోపమని 1914 నుండి పరిశోధించి జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. దానికి మందు నికోటినిక్ ఆమ్లం, అనగా నయాసిన్ అనే బి విటమిను అని 1937లో ఎల్వెజమ్ పరిశోధనతో తేలింది. అంతకుముందు పిచ్చాసుపత్రులలో మగ్గిన రోగులు కొందరు ఈ విటమినుతో కొద్ది రోజులలోనే తెప్పరిల్లారు.

మరి జొన్న తినేవారికి ఎందుకు వచ్చింది? మన శరీరం ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తు భాగం నుండి కొంత నయాసిన్‌ను తానే తయారు చేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నయాసిన్ వస్తుంది. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ ఈ తయారీకి అడ్డు తగులుతున్నదని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియ 1960లో ప్రతిపాదించారు. తరువాతి పరిశోధకులందరూ దీనిని అంగీకరించలేదు. కాని పప్పు, పాలు, మాంసం లేక ఒకే ధాన్యంతో కడుపు నింపుకునేవారికి చర్మంతోపాటు మనసు కూడా చెడుతుందన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. మనసుకు నెమ్మదినిచ్చే సెరటోనిన్ కూడా ఆ ట్రిప్టోఫాన్ నుండే తయారవుతుందని గమనించండి. ఇందులో జొన్న తప్పేమీ లేదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడైతే అది చక్కని ఆహారం.

మరొక తెలుగువాని కృషి కూడా ఇక్కడ స్మరించదగినది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో సంగ్రహణి వ్యాధికి సోదరులను కోల్పోయి, తానూ దాని పాలబడ్డారు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిదప అమెరికా వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది సంగ్రహణిలోని రక్తహీనతకు దివ్యౌషధమైంది. ఫోలిక్ ఆమ్లం కొరవడినవారిలో దిగులు, మతిమరపు కూడా ఎక్కువగా ఉంటాయని ఆ తరువాత తెలిసింది.

లోపమున్నచోటనే పోషకం ఔషధం

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నయాసిన్‌తో పెల్లాగ్రా ఉన్మాదం తగ్గింది గదా, స్కిజోఫ్రీనియా కూడా తగ్గకపోదా అని 1950లలో కెనడాలో హోఫర్, ఆస్మండ్ అనే వైద్యులు పెద్ద మోతాదులలో దానిని వాడి, మేలు కలిగిందని ప్రకటించారు. తరువాత జరిగిన పరీక్షలలో ఆ ఫలితం నిలబడలేదు. కారణం సులభంగా గ్రహించవచ్చు. ఎండిన పైరుకు నీరు ప్రాణం పోస్తుంది, చీడ పట్టిన పైరుకు ఎంత నీరు పెట్టినా చీడ వదలదు. కనుక మానసిక వ్యాధులన్నీ ఆహారంతో నయమవుతాయని ఎవరైనా చెబితే, వారు ఆయుర్వేదం పేరు చెప్పినా సరే, నమ్మవద్దు.

అట్లాగని ఆహారాన్ని తీసివేయనూరాదు. 2017లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా పరీక్షలో తీవ్రమైన దిగులుతో బాధపడే 67 మందిని రెండు వర్గాలు చేశారు. వారిలో చాలామంది అప్పటికే చికిత్స పొందుతున్నారు. ఒక వర్గానికి కూరగాయలు, పప్పులు, ముతక ధాన్యాలు, పండ్లు, చేపలతో కూడిన భోజనం అలవాటు చేశారు. రెండవ వర్గానికి స్నేహపూర్వక సంభాషణ మాత్రమే. 12 వారాల తరువాత మొదటి వర్గంలో నూటికి 32 మంది, రెండవ వర్గంలో నూటికి 8 మంది దిగులు నుండి బయటపడ్డారు. పరీక్ష చిన్నదే గాని, దారి చూపుతున్నది.

నేను చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం అరవై దాటిన ఒక శాకాహారి గృహిణిని కోడలు నా వద్దకు తీసుకొనివచ్చింది. దిగులు, మరపు, కోడలు నగలు దాచిందన్న అనుమానం. భర్త పోయిన దుఃఖమే కారణమని నేను తలచి బ్రాహ్మీ ఘృతం, అశ్వగంధ ఇచ్చాను. మూడు నెలలు గడిచినా మార్పు లేదు. ఒకనాడు ఆ కోడలే చెప్పింది: "స్వామీ, అత్తమ్మ మొగం కడుక్కునేదానికి కండ్లు మూసుకుంటే చాలు, తూలతా ఉండారు. కాళ్ళకు చెప్పులుండేది లేనిది కూడా తెలియడం లేదంట."

అప్పుడు నాలుక చూశాను. నున్నగా, ఎర్రగా ఉన్నది. ఏమి తింటున్నారమ్మా అని అప్పుడడిగాను. ఆమె చెప్పిన జవాబు నేటికీ నా చెవులలో ఉన్నది. "దగ్గుకు పెరుగు మానమని ఆరేండ్ల నాడు మీరే చెప్పినారు గదా స్వామీ. పాలు కూడా మానేస్తిని."

కఫం తగ్గేవరకు కొద్ది రోజులు మానమన్న మాటను ఆమె వ్రతంగా పాటించింది. మరల తినమని చెప్పవలసిన నేను చెప్పలేదు. దానికి తోడు ఒంటిపూట భోజనం, మధుమేహానికి ఏళ్ళ తరబడి వాడుతున్న మెట్‌ఫార్మిన్ మాత్ర. ఆ మాత్ర బి12 విటమిను ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. రక్తపరీక్షకు పంపితే బి12 మిక్కిలి తక్కువగా ఉన్నది. అల్లోపతి వైద్యులు సూదిమందు ఆరంభించారు. రెండు నెలలలో అనుమానం పోయింది, జ్ఞాపకం మెరుగుపడింది. కాని పాదాల తిమ్మిరి పూర్తిగా పోలేదు. నరాలు ఎక్కువ కాలం ఎండిపోతే తిరిగి చిగురించవు. ఆ మూడు నెలల ఆలస్యం నాది.

బి12 మనకు రోజుకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కాస్త ఎక్కువ. అయితే ధాన్యాలలో, కూరగాయలలో అది లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉన్నది. స్పిరులినాలో ఉన్నదని చెప్పేది మన శరీరానికి పనికిరాదు. మన చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1962లోనే, బి12 లోపించిన తల్లుల పాలు త్రాగే పసివారు నవ్వు మరచి మందకొడిగా మారడం, నేర్చిన చేష్టలు మరవడం గమనించి లోకానికి తెలిపారు. రక్తహీనత కనిపించకుండానే ఈ లోపం మనసును చెడగొట్టగలదని 1988లో అమెరికా వైద్యులు వెల్లడించారు. బి12 తక్కువగా ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపించినా లోపల నరాల జబ్బు ముదురుతుంది. అందుచేత పరీక్ష లేకుండా మాత్రలు కొని మింగరాదు.

గృహిణులు గుర్తుంచుకోవలసినవి

1. ప్రవర్తన మారిన మనిషిలో నాలుక మంట, పాదాల తిమ్మిరి, నడకలో తూలుడు, పాలిపోయిన కళ్ళు, ఆయాసం ఉన్నాయేమో చూడండి. ఉంటే రక్తం, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

2. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఇనుము తక్కువైతే నీరసం, చిరాకు, ఏకాగ్రతాలోపం సహజం. ఇల్లాలి విసుగును స్వభావమని తీర్మానించే ముందు ఆమె రక్తం పరీక్షించండి.

3. రాగిసంగటి, ఉలవచారు, మునగాకు, చెనక్కాయల చట్ని మన సీమ పెద్దలు కూర్చిన చక్కని పొందిక. రాగులు 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉన్నది. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే కాఫీ, టీ త్రాగవద్దు.

4. శాకాహారులు రోజూ పాలు, పెరుగు లేక మజ్జిగ తప్పక తీసుకోవాలి. ఉపవాసాలు ఎక్కువగా చేసేవారు, ఒంటిపూట తినే వృద్ధులు, మెట్‌ఫార్మిన్ లేక అసిడిటీ మాత్రలు దీర్ఘకాలం వాడేవారు ఏడాదికొకసారి బి12 చూపించుకోవడం మంచిది.

5. వైద్యుడు పథ్యం చెబితే, అది ఎన్నాళ్ళు పాటించాలో అడిగి వ్రాసుకోండి. చెప్పని వైద్యుడిని నిలదీయండి.

6. మానసిక వైద్యులు ఇచ్చిన మందులను ఆహారం మార్చామని మానరాదు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. వెంటనే దగ్గరి ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకొనివెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ ద్వారా ఉచితంగా సలహా లభిస్తుంది.

ఆ తల్లి ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంది. వచ్చినప్పుడల్లా మా ఆవిడ గ్లాసుతో మజ్జిగ ఇస్తుంది. ఆమె త్రాగేవరకు నేను వేరే మాట మాట్లాడను. ఆ తరువాతనే నాడి చూస్తాను.