ఎర్రాకు చూడాలంటే మాఘం దాకా ఆగాలి

అమెరికాలో ఉండే పిల్లలు అక్టోబరు వస్తే చాలు, ఎర్రగా పసుపుగా మెరిసే అడవుల ఫోటోలు వాట్సాప్‌లో పంపుతారు. మన శాంతిపురం, కుప్పం పక్క అట్లాంటిది ఎందుకు లేదు? ఉంటే ఎక్కడ చూడాలి?

ఉంది. అక్టోబరులో వెతుకుతున్నాం కాబట్టి కనపడడం లేదు, అంతే. ఆశ్వయుజ, కార్తీకాల్లో మనకు ఈశాన్య రుతుపవనం వానలు. గుట్టలన్నీ నిండుగా ఆకుతో ఉంటాయి. అప్పుడు ఆకు రాల్చాల్సిన అవసరం మానుకేముంది?

అమెరికాలో వెర్మాంట్ లాంటి చోట మేపుల్ మానును తొందరపెట్టేది పొద్దు. జూన్‌లో పగలు 15 గంటలు దాటుతుంది, డిసెంబరుకు 9 గంటలకు పడిపోతుంది. దాని వెనకే మంచు. కుప్పంలో ఆ తేడా గంటన్నరే. ఇక్కడి మాను చూసేది నేలలో తేమ. సంక్రాంతి దాటాక తేమ అడుగంటుతుంది, ఆకేమో నీళ్లు వదులుతూనే ఉంటుంది. ఇక ఆకును వదిలించుకోక తప్పదు. వదిలే ముందు అందులోని నత్రజని, భాస్వరం వీలైనంత కొమ్మలోకి లాగేసుకుంటుంది. మడికి పచ్చి కానగాకు తొక్కించిన పెద్దలకు ఇది తెలుసు. ఎండుటాకులో ఆ సత్తువ ఉండదు.

పత్రహరితం విరిగిపోయేసరికి అడుగున మొదటినుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. ఆంథోసయనిన్ అనే ఆ రంగును ఆకు తనలోని చక్కెరతో అప్పటికప్పుడు చేసుకుంటుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది.

దీనికోసం అడవికే పోనక్కరలేదు. బడి ఆవరణలోనో బస్టాండు పక్కనో ఉన్న బాదం మాను కింద ఒక ఆకు తీసుకోండి. ఈనెల వెంబడి ఇంకా పచ్చదనం, మధ్యలో చిక్కటి ఎరుపు కనిపించవచ్చు. కాడ కొస చూడండి, చీలిక లేకుండా నున్నగా ఉంటుంది. ఆకు దానంతటది తెగిపోలేదు, మానే అక్కడ ఒక పొర కట్టి విడిపించింది.

అయినా నన్నడిగితే, మన పక్క అసలు రంగు రాలే ఆకుది కాదు, వచ్చే ఆకుది. ఫాల్గుణం నుంచి ఉగాది దాకా రావి లేతాకు గులాబీ, రాగి కలిసిన రంగులో వేలాడుతుంది. వేప ఇగురూ రాగే. మామిడి ఇగురైతే కొన్ని తోటల్లో వంకాయ రంగు దాకా పోతుంది. ఇదీ ఆంథోసయనినే. పత్రహరితం నిండని లేతాకును ఎండ నుంచి కాస్తుందని, పురుగును కూడా దూరం పెడుతుందని శాస్త్రజ్ఞులు చెప్తారు. మరి వాన చినుకే లేని ఎండల్లో ఇగురెట్లా వస్తుంది? ఆకు రాలగానే నీళ్ల ఖర్చు ఆగుతుంది. లోతు వేర్లు తాగిన నీళ్లతో కాండం మళ్లీ నిండుతుంది. మొగ్గ విచ్చుకోవడానికి ఆ మాత్రం చాలు.

ఎక్కడ చూడాలంటే, మదనపల్లె దగ్గర హార్స్లీ కొండ మొదటిది. ఒకప్పటి ఏనుగు మల్లమ్మ కొండే, ఎత్తు 4 వేల అడుగుల పైమాటే. పైకెక్కి నీలగిరి మాన్లు చూస్తూ కూర్చుంటే లాభం లేదు, అవి రంగు మారవు. ఘాట్ రోడ్డు వెంబడి వాలులే చూడాలి. కొండకు అంత దూరం కాని రిషివ్యాలీ పక్క పల్లెల్లోనూ చింత, రావి, కానగ కలిసి కనపడతాయి. పుంగనూరు వైపు మామిడి తోటలు చాలు.

శాంతిపురానికి దగ్గరిదైతే కౌండిన్య అభయారణ్యం. పలమనేరు, కుప్పం మధ్య అడవి, అభయారణ్యంగా ప్రకటించింది 1990లో. మాఘం చివర్లో మోదుగ ఆకంతా రాల్చి నారింజ పూలతో నిలబడుతుంది, దూరం నుంచే తెలుస్తుంది. అయితే అది ఏనుగుల అడవి. పగటిపూట రోడ్డు మీదినుంచే చూడండి, పొద్దు వాలకముందే తిరిగి రండి. కాళ్ల కింద ఎండుటాకు మందంగా పడి ఉండే కాలమూ అదే. బీడీ, సిగరెట్టు బండిలోనే వదిలి దిగాలి.