సరకు రవాణాలో అధిక భారం – చట్టం, అమలు: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అనుమతించిన పరిమితికి మించి లారీపై సరకు వేయడం భారతదేశంలో శిక్షార్హమైన నేరం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ఈ నేరానికి విధించే జరిమానాను పలు రెట్లు పెంచారు. జరిమానా ఎంత పెరిగినా అధిక భారం లాభసాటిగా మిగిలే అవకాశం ఉంది. బరువును నిర్ణయించేది ఒకరు, రహదారిపై పట్టుబడేది మరొకరు కావడం ఇందుకు మూలకారణం. ఈ అంశాన్ని చట్ట నిబంధనల ఆధారంగాను, కిరాయి లెక్కల ఆధారంగాను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: అధిక భారం, ఇరుసు బరువు, మోటారు వాహనాల చట్టం, చలానా, కిరాయి, లారీ డ్రైవర్లు.

1. ఉపోద్ఘాతం:
ధాన్యం, సిమెంటు, ఇసుక, గ్రానైటు, బొగ్గు వంటి బరువైన సరకులు దేశంలో అధికభాగం రహదారుల మీదుగానే గమ్యం చేరుతున్నాయి. ఈ రవాణాలో జరిగే ఉల్లంఘనలు అనేకం. అతివేగం, పత్రాలు లేకపోవడం, విశ్రాంతి లేకుండా నడపడం, సరకు వాహనం వెలుపలికి పొడుచుకు రావడం వాటిలో కొన్ని. అధిక భారం వీటికి భిన్నమైనది. అతివేగం డ్రైవరు ఆ క్షణంలో చేసే తప్పు. అధిక భారం లారీ కదలకముందే, కాటా దగ్గర, పలువురి ఎదుట జరిగిపోయే తప్పు. అందువల్ల దాని నివారణ మార్గం కూడా వేరుగా ఉండవలసి ఉంది.

2. చట్ట స్వరూపం:
మోటారు వాహనాల చట్టం, 1988లోని 113వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో పేర్కొన్న స్థూల బరువును మించిన వాహనాన్ని ఎవరూ నడపరాదు, నడిపించరాదు, నడపనివ్వరాదు. బరువు మించినట్లు భావించడానికి కారణం ఉంటే, వాహనాన్ని తూకానికి తీసుకువెళ్లమని ఆదేశించే అధికారాన్ని 114వ సెక్షన్ అధీకృత అధికారికి ఇచ్చింది. బరువు మించినట్లు తేలితే అదనపు సరకును దించమని ఆయన లిఖితపూర్వకంగా ఆదేశించవచ్చు.

శిక్షను నిర్దేశించేది 194వ సెక్షన్. సవరణకు ముందు కనీస జరిమానా 2,000 రూపాయలు, దానిపై ప్రతి అదనపు టన్నుకు 1,000 రూపాయలు. 2019 సెప్టెంబరు 1 నుండి ఇది 20,000 రూపాయలకు, ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలకు పెరిగింది. సరకు దించే ఖర్చు దీనికి అదనం. అదనపు బరువు దించే వరకు వాహనం కదలరాదన్న నిబంధన కూడా ఈ సెక్షన్‌లోనే ఉంది. తూకానికి నిరాకరించిన డ్రైవరుకు 40,000 రూపాయల జరిమానా నిర్దేశించారు. అయితే 200వ సెక్షన్ కింద రాజీ రుసుము నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నందున, ఆచరణలో వసూలయ్యే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు.

రాజీ రుసుము విషయంలో సుప్రీంకోర్టు 2005లో పరంజీత్ భాసిన్ కేసులో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. కొన్ని రాష్ట్రాలు ముందుగానే సొమ్ము తీసుకుని, అధిక భారంతో తిరగడానికి వీలు కల్పించే కార్డుల పద్ధతిని అనుసరించాయి. ఇది చట్టవిరుద్ధమని న్యాయస్థానం స్పష్టం చేసింది. రుసుము చెల్లించినంత మాత్రాన అదనపు బరువుతో ప్రయాణం కొనసాగించే హక్కు లభించదని దీని సారాంశం. జరిమానా శిక్షగా ఉండాలే తప్ప ధరగా మారకూడదన్నది ఈ తీర్పులోని అంతరార్థం.

3. బరువు – రహదారి నష్టం:
రహదారిని దెబ్బతీసేది మొత్తం బరువు కంటే ఒక్కొక్క ఇరుసుపై పడే బరువు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1950ల చివర జరిగిన ఆషో రహదారి పరీక్షల నుండి ‘నాలుగో ఘాత సూత్రం’ రూపొందింది. ఇరుసు బరువు రెట్టింపైతే రహదారి అరుగుదల సుమారు పదహారు రెట్లు అవుతుందని దీని అర్థం.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. నాలుగు టైర్లు గల ఒంటి ఇరుసుకు పరిమితి 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు చేరింది. పది టైర్ల లారీ స్థూల బరువు 25 నుండి 28.5 టన్నులయింది. ఒంటి ఇరుసు పరిమితిలో పెంపు దాదాపు 13 శాతమే అయినా, పై సూత్రం ప్రకారం ఆ ఇరుసు కలిగించే అరుగుదల సుమారు 1.6 రెట్లవుతుంది. కొత్త పరిమితిని కూడా దాటి అదే ఇరుసుపై 14 టన్నులు పడితే, 11.5 టన్నుల వద్ద కలిగే అరుగుదలకు అది 2.2 రెట్లవుతుంది. దీనికి బ్రేకులపై ఒత్తిడి, టైర్లు పేలడం, మలుపుల్లో బోల్తాపడడం వంటి ప్రాణాపాయాలు తోడవుతాయి. చలానాలో టన్నుల లెక్కన కనిపించే తప్పుకు రహదారి చెల్లించే మూల్యం అంతకు ఎన్నో రెట్లు.

4. కిరాయి లెక్క:
సరకు కిరాయి సాధారణంగా టన్నుల లెక్కన కుదురుతుంది. డ్రైవరు బత్తా, పన్నులు, బీమా, వాహన రుణ వాయిదాలు అదనపు బరువుతో మారవు. డీజిలు, టైర్ల ఖర్చు మాత్రం కొంత పెరుగుతుంది. కాబట్టి పరిమితి దాటిన ప్రతి టన్ను కిరాయి చాలావరకు మిగులుగా కనిపిస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. కిరాయి టన్నుకు 1,000 రూపాయలు, అదనపు బరువు 5 టన్నులు అనుకుంటే ఒక ప్రయాణంలో అదనపు ఆదాయం 5,000 రూపాయలు. పాత చట్టం ప్రకారం జరిమానా 7,000 రూపాయలు. పట్టుకున్న లారీని సరకు దించకుండా వదిలేస్తే, ఏడు ప్రయాణాల్లో ఐదుసార్లు పట్టుబడినా యజమానికి నష్టం ఉండదు. కొత్త చట్టం ప్రకారం జరిమానా 30,000 రూపాయలు. ఆరు ప్రయాణాల్లో ఒకసారి కంటే తక్కువగా పట్టుబడితే ఇప్పటికీ లాభమే. జరిమానా ఎంత అన్నదానితో పాటు, ఎంత తరచుగా పట్టుబడతారు, సరకు నిజంగా దించుతారా అన్న ప్రశ్నలు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయని ఈ లెక్క సూచిస్తుంది. జరిమానా పెరిగి తనిఖీ పెరగకపోతే, చలానాకు, మామూలుకు మధ్య తేడా పెరిగి అవినీతికి ఆస్కారం కలుగుతుంది.

5. శిక్ష ఎవరిపై?
లారీపై ఎంత సరకు వేయాలన్నది వ్యాపారి, బ్రోకరు, లారీ యజమాని మధ్య కుదిరే బేరం. ‘ఇంత వేస్తేనే లోడు’ అన్న మాటకు ఎదురుచెప్పగల స్థితి డ్రైవరుకు అరుదు. ఒకటి రెండు లారీలు మాత్రమే ఉన్న చిన్న యజమానికీ ఆ శక్తి తక్కువే. నిరాకరిస్తే ఆ లోడు వెనుక ఉన్న లారీకి పోతుంది. కానీ రహదారిపై అధికారికి దొరికేది డ్రైవరే. సరకు దించమన్న ఆదేశం అందుకునేదీ, గిడ్డంగి, హమాలీలు లేని చోట ఆ సరకుకు కాపలా ఉండవలసినదీ అతడే. దించడానికి చోటు లేదన్న కారణంతో లారీని వదిలేస్తే, చట్టంలోని అత్యంత బలమైన నిబంధన కాగితానికే పరిమితమవుతుంది.

113, 194 సెక్షన్లు నడిపినవారితో పాటు ‘నడిపించిన’, ‘నడపనిచ్చిన’ వారిని కూడా బాధ్యులను చేశాయి. యజమాని ఈ పరిధిలోకి వస్తాడనడంలో సందేహం లేదు. లోడు వేయించిన వ్యాపారి కూడా ‘నడిపించినవాడు’ అవుతాడా అన్నది వ్యాఖ్యానానికి అవకాశమున్న అంశం. ఈ అస్పష్టత వల్ల, అధిక భారంతో టన్నుకు తక్కువ ఖర్చు పెట్టి లాభపడే పక్షం శిక్షకు దూరంగా ఉండిపోగలదు.

6. బయలుదేరే చోటే తనిఖీ:
లారీ బరువుకు సంబంధించిన ఆధారాలు అది రోడ్డెక్కక ముందే తయారవుతాయి. క్వారీ, సిమెంటు కర్మాగారం, ఓడరేవు వంటి చోట్ల సరకును తూచిన తరువాతే బిల్లు రాస్తారు. 2018 ఏప్రిల్ నుండి అంతర్రాష్ట్ర రవాణాకు అమలులోకి వచ్చిన ఈ-వే బిల్లులో సరకు పరిమాణం, వాహనం నంబరు నమోదవుతాయి. ఆ నంబరుకు అనుమతించిన స్థూల బరువు రవాణా శాఖ రికార్డుల్లో ఉంటుంది. ఈ రెండింటిని సరిపోల్చితే చాలా ఉల్లంఘనలు కర్మాగారం గేటు దాటకముందే బయటపడతాయి. పరిమాణాన్ని పెట్టెల్లోనో బస్తాల్లోనో నమోదు చేసే సరకులకు మాత్రం బరువును విడిగా చూపించవలసి ఉంటుంది.

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో చేర్చిన 167ఎ నియమం, వాహనాల బరువు తూచే యంత్రాలను ఎలక్ట్రానిక్ అమలు పరికరాల్లో ఒకటిగా గుర్తించింది. దీనివల్ల తనిఖీ అధికారి ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. అయితే యంత్రం పంపే చలానా కూడా రిజిస్ట్రేషన్ నంబరును బట్టి యజమానికే చేరుతుంది. లోడు వేసినవారిని అది గుర్తించలేదు. కనుక యంత్రాలు తనిఖీని విస్తరింపజేయగలవే తప్ప బాధ్యతను సరైన చోటికి చేర్చలేవు.

7. ముగింపు:
అధిక భారం డ్రైవర్ల క్రమశిక్షణారాహిత్యం వల్ల మాత్రమే పుట్టిన సమస్య కాదు. కిరాయి కుదిరే తీరులోనే దానికి మూలం ఉంది. జరిమానా పెంపు అవసరమే కానీ సరిపోదు. అదనపు సరకును తప్పనిసరిగా దించడం, అందుకు తగిన స్థలం, హమాలీలను తనిఖీ కేంద్రాల వద్దే ఏర్పాటు చేయడం, లోడు వేయించినవారి బాధ్యతను చట్టంలో స్పష్టంగా నిర్వచించడం – ఈ మూడూ కలిసినప్పుడే 2005 నాటి తీర్పు సారం ఆచరణలోకి వస్తుంది. అంతవరకు కాటా దగ్గర కుదిరిన బేరానికి రహదారిపై డ్రైవరు జవాబు చెప్పుకొనే పరిస్థితి కొనసాగుతుంది.