యజమాని హజ్‌కి వెళ్తే దుకాణం చూసుకునేవాళ్లు ఏం చేయాలి?

నెల్లూరు తీరంలో ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల మేత దుకాణాలు, కొనుగోలు ఆఫీసులు చాలా ఒక్క మనిషి మీదే నడుస్తాయి. ఆ మనిషి హజ్ కమిటీ ద్వారా హజ్‌కి వెళ్తే మామూలుగా దాదాపు 40 రోజులు ఊళ్లో ఉండరు. బరువంతా అసిస్టెంట్ మీద పడుతుంది. ఆ అసిస్టెంట్ చాలాసార్లు మన ఇంటి పిల్లాడో, డిగ్రీ అయిన మన ఆడపిల్లో అయి ఉంటారు.

బి.కాం. అయ్యాక నేనూ కొన్నాళ్లు ఒక మేత దుకాణంలో లెక్కలు రాశాను. యజమాని ఉమ్రాకి వెళ్లిన వారంలోనే ఒక రైతు వచ్చి, "భాయ్‌తో ముందే మాట్లాడుకున్నాం. 20 బస్తాలెయ్యి, పట్టుబడి అవగానే లెక్క చూసేద్దాం" అన్నాడు. మొహమాటపడి వేసేశాను. మామూ తిరిగొచ్చి "నాతో ఎవరు మాట్లాడార్రా?" అన్నారు. డబ్బు చివరికి వచ్చింది గానీ, అందాకా నాకు నిద్ర లేదు. నమ్మకం ఒక్కటే చాలదు, మన హద్దు ఎంతవరకో తెలియాలి.

చట్టం ఏం చెప్తుంది?

ఇంకొకరి తరఫున బయటివాళ్లతో లావాదేవీ చేసేవాళ్లని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెంట్ అంటుంది. సెక్షన్ 211 ప్రకారం యజమాని చెప్పినట్టే చేయాలి. ఏమీ చెప్పకపోతే ఆ వ్యాపారంలో అక్కడి ఆనవాయితీ పాటించాలి. అది దాటి నష్టం తెస్తే మనమే కట్టుకోవాలి. చిక్కు వచ్చినప్పుడు యజమానిని అడగడానికి గట్టిగా ప్రయత్నించాలని సెక్షన్ 214 అంటుంది.

మరి ఫోన్ కలవకపోతే? అత్యవసరంలో, సొంత సొత్తయితే ఎలా కాపాడుకుంటామో అలా చేయొచ్చని సెక్షన్ 189 చెప్తుంది. చట్టంలోనే ఉదాహరణ ఉంది: కటక్‌కి పంపాల్సిన తిండి సరుకు దారిలో పాడయ్యేలా ఉంటే కలకత్తాలోనే అమ్మేయొచ్చు. ఐసు కరిగిపోతున్న రొయ్యల లోడుకీ ఇదే వర్తిస్తుంది.

బయల్దేరేముందు

ఒక కాగితం మీద మూడు వరసలు రాయించుకోండి. మీరే చేసేవి: రోజు వసూళ్లు, బ్యాంకులో జమ, పనివాళ్ల హాజరు. అడిగి చేసేవి: కొత్త అరువు, రేటు తగ్గింపు, ఫలానా మొత్తం దాటిన ఖర్చు. అసలు ముట్టుకోకూడనివి: ఆయన సంతకం. "పర్లేదు, నువ్వే పెట్టేయ్" అని ఫోన్‌లో అన్నా పెట్టొద్దు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు కూడా తీసుకోకండి, పోతే ఇద్దరికీ ప్రమాదమే. బదులుగా బ్యాంకులో ముందే రాతపూర్వకంగా అధికారం ఇప్పించుకోండి.

నెలనెలా జీఎస్టీ వేసేవాళ్లకి 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి గడువు. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. అక్కడ సౌదీ సిమ్ వేసుకుంటే ఇక్కడి నంబరు పనిచేయకపోవచ్చు. ఈ ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి.

పోస్టులో నోటీసు ఏదైనా వస్తే బల్ల సొరుగులో పెట్టేయకండి. చెక్ బౌన్స్ నోటీసు అయితే, అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు వేయొచ్చు. అదే రోజు ఫొటో తీసి పంపండి, వకీలుకి చూపించండి.

ఎప్పుడు ఫోన్ చేయాలి?

సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. మన ఉదయం 9 అంటే అక్కడ 6:30. జిల్‌హజ్ 8 నుంచి 13 వరకు మినా, అరఫాత్, ముజ్దలిఫా రోజులు. అడగాల్సినవి 7వ తేదీలోపే అడిగేయండి. మిగతా రోజుల్లో రాత్రికి ఒక్క మెసేజ్ చాలు: ఎంత వచ్చింది, ఎంత పోయింది, మీరేం నిర్ణయించారు, ఆయన జవాబు దేనికి కావాలి. అవే ఒక నోటుబుక్‌లో తేదీల వారీగా రాసుకోండి.

హాజీగారు తిరిగొచ్చిన రోజు ఇల్లంతా చుట్టాలు, జంజం నీళ్లు, ఖర్జూరాలు. ఆ రోజు లెక్కల మాట ఎత్తకండి. మర్నాడు పొద్దున్నే ఆ నోటుబుక్, తాళాలు ఆయన చేతిలో పెట్టండి. అమానత్ అప్పజెప్పినట్టే.