పొగరాతి దాక

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు పాఠము నడుమ లేచి, "అయ్యవారూ! లేపాక్షి ఆంధ్రదేశమున ఉన్నది, ఓరుగల్లు తెలంగాణమున ఉన్నది. మన ధర్మపురిలో మనదని చెప్పుకొనుటకు ఏమున్నది?" అని అడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన మేము ఇన్ని యేండ్లుగా పిల్లలకు అమరావతిని గూర్చి, రామప్ప గుడిని గూర్చి చెప్పుచుంటిమి గాని, ఊరిలోనే ఉన్న కోట గుడికి వారిని ఒక్కనాడైనను కొనిపోయినవారము కాము. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయినప్పుడు తెలుగు పల్లెలు పెక్కు ఆ వైపునకు పోయినవి. ఇచ్చట మిగిలిన మన పిల్లలకు ఇట్టి సందేహము కలుగుట సహజమే. కావున రెండు ఆదివారములు వారితో కూడి ఈ సీమను చూచి వచ్చితిమి. రాలేకపోయిన వారికొరకు ఆ విశేషములను ఇందు వ్రాయుచున్నాము.

మొదట కోటలోని మల్లికార్జునస్వామి ఆలయము. శ్రీశైలపు దేవుని పేరు వినగానే పిల్లల ముఖములు వికసించినవి. ఈ ఊరి ప్రాచీన నామము తగడూరు. క్రీ.శ. 9వ శతాబ్దమున దీనిని నొలంబరాజులు ఏలిరి. వారి రాజధాని హేమావతి నేడు ఆంధ్రప్రదేశమున శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. వారి శాసనములు కన్నడమున ఉన్నవి. ఆ పిమ్మట వచ్చిన చోళుల శాసనములు తమిళమున ఉన్నవి. ఈ గుడి మండపమున నేలకు ఆనని స్తంభములు కలవు. లేపాక్షిలో వ్రేలాడు స్తంభమును గూర్చి పాఠమున చదివిన పిల్లలు ఇచ్చట కాగితపు ముక్కను స్తంభము క్రిందికి దూర్చి తామే పరీక్షించుకొనిరి.

ఆ ప్రాంగణముననే ఉన్న కల్యాణకామాక్షి గుడిని మాత్రము తొందరపడి చూడరాదు. దాని అధిష్ఠానమున, అనగా గోడకు దిగువనున్న పీఠభాగమున, రామాయణ కథను చిన్న చిన్న శిల్పములుగా చెక్కినారు. నిలువబడి చూచువారికి అవి కానరావు. నేలపై కూర్చుండి, కొంత కొంత జరుగుచు చూడవలెను. మా బాలికలు కొందరు అట్లే జరుగుచు, "ఇదిగో వాలి సుగ్రీవులు", "కాదు, అది వేరు" అని వాదులాడుకొనుచు గుడి చుట్టును తిరిగి వచ్చిరి. తెలిసిన కథయే గనుక వారికి ఏ భాషలోని వ్రాతయు అవసరము లేకపోయెను.

ఊరిలోని ప్రభుత్వ పురావస్తుశాలలో వీరశిలలు ఉన్నవి. ఆలమందలను కొల్లగొన వచ్చిన వారితో పోరాడి మడిసిన వీరుల కొరకు నిలిపిన రాళ్లివి. తమిళమున వీనిని నడుకల్ అందురు, మనము వీరగల్లు అందుము. వీనిలో పెక్కింటిపై వట్టెళుత్తు అను ప్రాచీన లిపి కలదు. మన పల్లెలలో వేడియప్పన్ అని పసుపు కుంకుమలతో పూజించు రాళ్లలో కొన్ని ఇట్టి వీరగల్లులే.

ఊరికి దక్షిణమున కొలదిదూరములో అదియమాన్‌కోట ఉన్నది. తగడూరి నేలిన అదియమాన్ నెడుమాన్ అంజి ఆయువును పెంచునను ఉసిరికాయను తాను తినక ఔవైయారు అను కవయిత్రికి ఇచ్చెనని తమిళ సంఘసాహిత్యము చెప్పుచున్నది. ఈ కథ మన పిల్లలకు తమిళ వాచకము వలన తెలిసినదే. తెలియనిది మరియొకటి కలదు. 1981లో తిరుక్కోయిలూరు దగ్గర జంబై అను ఊరిలో దొరికిన తమిళ బ్రాహ్మీ శాసనము ఈ అంజిని 'సత్యపుత్రుడు' అని పేర్కొన్నది. అశోకుడు తన రెండవ శిలాశాసనమున పేర్కొన్న దక్షిణాది ఏలికలలో సత్యపుత్రులును ఒకరు. ఆ శాసనమును కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపైనను చెక్కించినారు. అదియమాన్‌కోటలోని చెన్నరాయ పెరుమాళ్ ఆలయపు కప్పున రామాయణ భారత చిత్రములు వెలసియు ఇంకను నిలిచియున్నవి.

ప్రసంగవశమున ఒక మాట. రాయలసీమ వారు నేటికిని తలచుకొను మన్రో దొర 1792 తరువాత కొన్ని యేండ్లు ఈ బారామహల్ సీమలోనే, ధర్మపురిలోనే పనిచేసెను. అటు పిమ్మటనే దత్తమండలములకు కలెక్టరుగా పోయెను.

రెండవ ఆదివారము ఉదయమున తూర్పుగా హరూరు మీదుగా తీర్థమలకు పోతిమి. కొండపై బండరాతి నుండి నీరు ధారగా జారుచుండును. రాముడు బాణము వేసి ఈ తీర్థమును పుట్టించెనని స్థలపురాణము. ఇచ్చట మాకు లావోస్ దేశము జ్ఞప్తికి వచ్చెను. థాయిలాండు వియత్నాముల నడుమ, మెకాంగ్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న దేశమున వాట్ ఫూ అను కొండగుడి కలదు. ఆ కొండ శిఖరము లింగాకారమున ఉండుటచే ప్రాచీన శాసనములు దానిని లింగపర్వతమనినవి. కొండచరియ నుండి ఊరు నీటిని రాతికాలువ ద్వారా గర్భగుడిలోని లింగముపై పడునట్లు నాడు మలచిరి. నేడు ఆ గుడిలో బుద్ధవిగ్రహములు ఉన్నవి. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. లావో ప్రజలు రామకథను తమ మెకాంగ్ తీరమున జరిగినట్లే చెప్పుకొందురు. దాని పేరు 'ఫ్రా లక్ ఫ్రా లామ్', అనగా లక్ష్మణుని పేరే ముందు! వారి భాషకును మన భాషకును చుట్టరికము లేదు. ఐనను ఆ కథ తమది కాదని వారు అనుకొనలేదు.

అచ్చట నుండి మరలి, పశ్చిమముగా ధర్మపురికి సుమారు 46 కిలోమీటర్ల దూరమున ఉన్న హొగేనకల్ చేరితిమి. కావేరి ఇచ్చట తమిళనాడు కర్ణాటకముల నడుమ అనేక పాయలుగా చీలి రాళ్లపై నుండి దూకును. తుంపరలు పొగవలె లేచును. ఆ బాలుని పిలిచి పేరును విడదీయుమంటిమి. కన్నడమున 'హొగె' అనగా పొగ. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. అట్లే మన పొగ వారికి హొగె, తమిళులకు పుగై. 'కల్' అనగా రాయి. ఓరుగల్లులోని 'గల్లు' అదియే, వీరగల్లులోనిదియు అదియే. "అట్లయిన ఇది పొగరాయి!" అని వాడు కేక వేసెను.

ఇచ్చటి గుండ్రని వెదురు పడవను తమిళులు పరిసల్ అందురు, మనము పుట్టి అందుము. నీరు పెరిగినప్పుడు వీనిని నడపనీయరు. నైరుతి వానల కాలమున పోదలచువారు ముందుగా విచారించుకొనవలెను.

తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పవలసియున్నది. మన సీమలోని భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా ఉండుటచే ఎందరికో పండ్లు గారపట్టినవి, కొందరికి ఎముకలు వంగినవి. నల్లగొండ వారికిని ఇదే కష్టము. జపాను దేశపు ఋణసహాయముతో హొగేనకల్ నుండి కావేరి నీటిని శుద్ధిచేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు పంపు పథకము 2013లో ప్రారంభమైనది. కుళాయి నీరు వచ్చు ఇండ్లలో త్రాగుటకు ఆ నీటినే వాడుడు. బోరు నీరు రుచిగా ఉన్నదని పిల్లలకు పోయకుడు.

తిరుగు ప్రయాణమున బస్సులో ఆ బాలుడు మా ప్రక్కన కూర్చుండి, తన అవ్వగారి ఊరిలో చెరువుగట్టున కత్తి పట్టిన మనిషి బొమ్మ గల రాయి ఒకటి ఉన్నదనియు, దానిపై ఏదో వ్రాత కలదనియు చెప్పెను. వచ్చు సెలవులలో దానిని చూడబోవుచున్నాము. మీ ఊళ్లలో అట్టి రాళ్లున్నచో, కడిగి సున్నము వేయక, ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి మాకు కబురు పంపుడు.