చలి రాత్రులలో చిన్నపిల్లల పడక: పైన బరువు కంటే కింద మెత్త ముఖ్యం

ప్రత్యేక వ్యాసం

కడప: కడప జిల్లా అనగానే మండుటెండలే గుర్తుకు వస్తాయి. చలికాలంలో సైతం ఇక్కడ గడ్డకట్టే చలి ఉండదు. డిసెంబరు, జనవరి మాసాలలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 18 నుండి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. కొన్ని రాత్రులలో మాత్రం అంతకంటే దిగువకు పడిపోతుంది. ఈ చలి పెద్దలకు ఆహ్లాదకరమే అయినా, ఏడాది నుండి మూడేళ్ళ వయసు గల పిల్లలకు పడక అమర్చడంలో తల్లులకు రెండు విధాలుగా చిక్కు కలిగిస్తున్నది. తగినంత ఆచ్ఛాదన లేకపోతే బిడ్డ తెల్లవారుజామున చలికి లేచి ఏడుస్తుంది. అతిగా కప్పితే అర్ధరాత్రి చెమటతో తడిసిపోతుంది. ముఖం మీదికి జారిన బరువైన రగ్గు ఊపిరికి అడ్డుపడే ప్రమాదం కూడా ఉన్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఇళ్ళ కట్టడానికి, వాతావరణానికి తగినట్లు పిల్లల పడకను ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

చలి వచ్చేది నేల నుండి

ఈ మూడు ప్రాంతాలలోని అనేక ఇళ్ళలో నేలకు కడప బండలు పరచి ఉంటాయి. వేసవిలో హాయినిచ్చే ఈ నాపరాయి చలికాలపు రాత్రి శరీరంలోని వేడిని లాగివేస్తుంది. కదలకుండా నిలిచిన గాలితో పోలిస్తే రాయి వేడిని పదుల రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది. బండ మీద ఒక చాప, దాని మీద ఒక పలుచని దుప్పటి పరచి పడుకోబెట్టిన బిడ్డకు పైన ఎన్ని రగ్గులు కప్పినా వీపు వైపు నుండి వేడి పోతూనే ఉంటుంది. చిన్నపిల్లల శరీర బరువుతో పోల్చినప్పుడు చర్మ వైశాల్యం పెద్దల కంటే ఎక్కువ. అందువలన వారు త్వరగా చల్లబడతారు, అంతే త్వరగా వేడెక్కుతారు.

వేళ కూడా గమనించవలసిన విషయమే. పగటి ఎండకు కాగిన మిద్దె, కాంక్రీటు కప్పు ఆ వేడిని రాత్రి మొదటి జాములో గదిలోకి వదులుతాయి. తొమ్మిది గంటలకు బిడ్డను పడుకోబెట్టేటప్పుడు గది ఇంకా వెచ్చగానే ఉంటుంది. రాత్రికి చలి వేస్తుందన్న భయంతో అప్పుడే మందపాటి రగ్గు కప్పితే, పన్నెండు గంటలకల్లా బిడ్డ లోదుస్తులు చెమటతో తడుస్తాయి. అసలైన చలి నాలుగు, ఐదు గంటల నడుమ మొదలవుతుంది. అప్పటికి ఆ తడి దుస్తులే బిడ్డను వణికిస్తాయి. ముందుగా పలుచగా కప్పి, తెల్లవారుజామున మరొక పొర చేర్చడమే సరియైన పద్ధతి.

పులివెందుల ప్రాంతం ప్రొద్దుటూరు కంటే ఎత్తున ఉన్నది. అక్కడి చీనీ, అరటి తోటలలో కాపలా కొరకు కుటుంబంతో సహా నివసించేవారికి నీటి తడి వలన చలి మరింత ఎక్కువగా తెలుస్తుంది. అటువంటి చోట నేల మీద కాక, మంచం మీద పడక అమర్చడం మేలు. అయితే నులక మంచం సందుల నుండి గాలి వీపుకు తగులుతుంది కాబట్టి మంచం మీద కూడా కింద మందమైన పరుపు లేదా బొంత తప్పనిసరి. బిడ్డ దొర్లి పడకుండా మంచం ఎత్తు తక్కువగా ఉండేట్లు, ఒక ప్రక్క గోడకు సందు లేకుండా ఆనుకుని ఉండేట్లు చూసుకోవాలి.

పక్క పరచే విధానం

బండల నేల మీద మొదట చాప, దాని మీద జంపఖానా లేదా మడతపెట్టిన గోనెపట్టా, ఆపైన బొంత, అన్నిటి మీద ఉతికిన నూలు దుప్పటి అనే వరుసలో పక్క పరచాలి. వెచ్చదనాన్ని నిలిపేది బట్ట బరువు కాదు, పొరల నడుమ నిలిచిన గాలి. పాత నూలు చీరలు, పంచెలు పొరలుగా వేసి కుట్టిన బొంత ఇందుకు చక్కగా ఉపకరిస్తుంది. పలుమార్లు ఉతికిన నూలు మెత్తగా ఉండి చెమటను పీల్చుకుంటుంది. ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, ఒక ఎండకు ఆరుతుంది, ఖర్చు దాదాపు లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాల నల్లరేగడి నేలలలో పత్తి పండుతుంది, చేనేత వృత్తి కూడా ఈ ప్రాంతానికి చిరపరిచితమైనదే. కావున నూలు పడక ఇక్కడివారికి కొత్తగా నేర్పవలసినది కాదు.

దూది పరుపు వాడే ఇళ్ళలో దూది అణగిపోతే దానిలోని గాలి పోయి వెచ్చదనం తగ్గుతుంది. ఏడాదికొకసారి దూది ఏకించి తిరిగి కుట్టించుకోవడం అనే పాత అలవాటు వెనుక ఉన్న కారణం ఇదే. అయితే చిన్నపిల్లల పరుపు మరీ మెత్తగా, బిడ్డ ముఖం కూరుకుపోయేట్లు ఉండరాదు. అరచేతితో నొక్కి వదిలితే వెంటనే సమంగా నిలిచే గట్టిదనం ఉండాలి. బొంతలో వ్రేలాడే దారపు పోగులను కత్తిరించాలి. అవి పసిపిల్లల వేళ్ళకు చుట్టుకొని రక్తప్రసరణను ఆపివేయగలవు.

పైన కప్పే బట్ట

ఈ వయసు పిల్లలు నిద్రలో దుప్పటిని తన్నివేయడం సహజం. కనుక మొదటి రక్షణ దుప్పటి కాదు, బిడ్డ ఒంటిమీది దుస్తులు. లోపల పలుచని నూలు బనియను, దానిపై పొడుగు చేతుల నూలు చొక్కా, కాలి మడమల వరకు వచ్చే పైజామా చాలును. చలి హెచ్చిన రాత్రులలో కాళ్ళకు వదులైన నూలు మేజోళ్ళు తొడగవచ్చును. వీటి మీద ఒక నూలు దుప్పటిని రొమ్ము వరకు మాత్రమే కప్పి, దాని అంచులను పక్క కిందికి మడవాలి. తెల్లవారుజామున అవసరమైతే రెండవ దుప్పటి కప్పవచ్చును. ఒక మందపాటి రగ్గు కంటే రెండు పలుచని దుప్పట్లు మేలు. వేడి హెచ్చినప్పుడు ఒకటి తీసివేసే వీలుంటుంది.

మార్కెట్లో విరివిగా లభించే మింక్ రగ్గులు కృత్రిమ నూలుతో తయారైనవి. అవి చెమటను పీల్చుకోవు, పైగా బరువు ఎక్కువ. ఉన్ని కంబళి వెచ్చనిదే అయినా దాని నూగు పసిచర్మానికి గుచ్చుకుంటుంది. వాడదలచినవారు నడుమ నూలు దుప్పటి ఉంచి, కంబళిని పైపొరగానే వాడాలి. ఇటీవల పట్టణ కుటుంబాలు ఆన్‌లైన్‌లో కొనుగోలు చేస్తున్న నిద్రసంచుల మీద "టాగ్" అనే అంకె ఉంటుంది. అది వెచ్చదనాన్ని నిలిపే శక్తికి కొలమానం. 2.5 టాగ్ సంచులు 16 నుండి 20 డిగ్రీల గదులను ఉద్దేశించినవి. మన ప్రాంతంలో తలుపులు మూసిన గది సాధారణంగా అంతకంటే వెచ్చగా ఉంటుంది కావున 1 టాగ్ లేదా అంతకంటే పలుచనిది ఎంచుకోవాలి. మెడ భాగం బిడ్డ తల లోనికి జారనంత కొలతలో ఉండాలి.

ఏడాది లోపు శిశువుల విషయంలో

ఏడాది నిండని శిశువుకు నియమాలు వేరు. దిండు, వదులుగా ఉన్న దుప్పటి, మెత్తని బొమ్మలు పడకలో ఏవీ ఉండరాదు. గట్టి, సమతలమైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. వెచ్చదనం దుస్తుల ద్వారానే అందించాలి. అమెరికా శిశువైద్య అకాడమీ 2022లో సవరించిన సురక్షిత నిద్ర సూచనలు సైతం ఇదే చెబుతున్నాయి. బరువు నింపిన దుప్పట్లు వాడరాదని, ఇంటిలో నిద్రించే శిశువుకు తలపై టోపీ వద్దని కూడా అవి సూచిస్తున్నాయి. తల్లి ప్రక్కనే, అదే గదిలో శిశువుకు విడి పక్క ఉండటం ఉత్తమం. ఇద్దరు పెద్దల నడుమ ఒకే రగ్గు కింద శిశువును పడుకోబెట్టడం ప్రమాదకరం. ఏడాది దాటిన పిల్లలకు కూడా పెద్దల రగ్గులో భాగం ఇవ్వక, వారి కొలతకు తగిన దుప్పటిని విడిగా కేటాయించాలి.

చేయకూడనివి

- నిద్రించే బిడ్డకు కుల్లాయి, మంకీ టోపీ, మఫ్లరు ఉంచరాదు. అవి జారి ముక్కును మూయవచ్చు. అధిక వేడి తల ద్వారా బయటికి పోయే మార్గం కూడా మూసుకుపోతుంది.
- మెడలోని బంగారు గొలుసును, తాయెత్తు దారాన్ని రాత్రి తీసి ఉంచాలి. దొర్లేటప్పుడు అవి మెడకు బిగుసుకునే ప్రమాదం ఉన్నది.
- మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు.
- వేడినీటి సంచి, విద్యుత్ దుప్పటి చిన్నపిల్లల పడకలో వాడరాదు.
- నిలబడే వయసు వచ్చిన బిడ్డను చీర ఉయ్యాలలో ఒంటరిగా వదలరాదు. వాడే పక్షంలో ఉయ్యాల అడుగున గాలి తగులుతుంది కావున లోపల బొంత పరచి, ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి.

వేడిని తెలుసుకొనే పద్ధతి

చేతులు, పాదాలు చల్లగా ఉన్నంత మాత్రాన బిడ్డకు చలి వేస్తున్నదని భావించరాదు. మెడ వెనుక గాని, రొమ్ము మీద గాని చేయి పెట్టి చూడాలి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే ఆచ్ఛాదన సరిపోయినట్లే. చెమట తగిలితే ఒక పొర తీయాలి, చల్లగా ఉంటే ఒక పొర చేర్చాలి. తల్లి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడటం మంచి అలవాటు.

పక్క తడిసిన వెంటనే మార్చడం మందపాటి దుప్పటి కంటే ఎక్కువ మేలు చేస్తుంది. తడి బట్ట శరీరపు వేడిని వేగంగా లాగివేస్తుంది. రబ్బరు షీటు వాడితే దాని మీద నూలు గుడ్డ పరచాలి. ఈశాన్య ఋతుపవనాల వర్షాల అనంతరం దోమల బెడద ఉంటుంది కనుక దోమతెర అవసరం. దాని అంచులను పక్క కిందికి బిగువుగా దోపాలి. మూసిన గదిలో దోమల చుట్ట పొగ పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాలి ఆడేందుకు ఒక కిటికీ కొద్దిగా తెరచి, బిడ్డకు నేరుగా గాలి తగలని చోట పక్క వేయాలి. పడక బట్టలను వారానికొకసారి ఎండలో ఆరవేయాలి.

దుప్పటి వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు

న్యూమోనియా సూక్ష్మక్రిముల వలన కలిగే వ్యాధి. "చలి తగిలింది" అనుకుని మరొక రగ్గు కప్పి తెల్లవారేవరకు వేచి ఉండటం వలన విలువైన సమయం వృథా అవుతుంది. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కించాలి. 2 నుండి 12 నెలల శిశువులలో నిమిషానికి 50 లేదా అంతకు మించి, 1 నుండి 5 ఏళ్ళ పిల్లలలో 40 లేదా అంతకు మించి ఉంటే వేగవంతమైన శ్వాసగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. శ్వాస తీసినప్పుడు డొక్కలు లోనికి పోవడం, పాలు త్రాగలేకపోవడం, ఫిట్స్, అసాధారణమైన మగత ప్రమాద సంకేతాలు. వెంటనే సమీప ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను వినియోగించుకోవాలి. 2021లో దేశమంతటా విస్తరించిన న్యూమోకోకల్ టీకాను 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో వేయించాలి.

క్షేత్రస్థాయి సిబ్బందికి, పాత్రికేయులకు

న్యూమోనియా నివారణకు కేంద్ర ప్రభుత్వం 2019లో "సాన్స్" కార్యక్రమాన్ని ప్రారంభించింది. చలికాలంలో జరిగే అవగాహన సమావేశాలలో పడక విషయాన్ని కూడా చేర్చినట్లయితే తల్లులకు ప్రయోజనం కలుగుతుంది. ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల వయసులో శిశువుల ఇళ్ళను సందర్శించేటప్పుడు బిడ్డ పక్కను స్వయంగా తాకి చూసి, కింద పరచినది చాలునో లేదో చెప్పవచ్చు. అంగన్‌వాడీ కేంద్రాలలో పిల్లలు బండల మీద, గచ్చు మీద నేరుగా పడుకోకుండా చూడవలసిన అవసరం ఉన్నది. చలికాలంలో రగ్గులు పంపిణీ చేసే దాతలు చిన్నపిల్లలున్న కుటుంబాలకు పెద్దల కొలత రగ్గులకు బదులుగా కింద పరచే బొంతలు, చిన్న నూలు దుప్పట్లు అందించడం మంచిది. స్థానిక మహిళా సంఘాల ద్వారా బొంతలు కుట్టిస్తే వారికి కూడా కొంత ఉపాధి లభిస్తుంది.

కింద మందంగా, పైన పలుచగా, ముఖం తెరచి, పక్క పొడిగా అన్న ఈ నాలుగు మాటలను పత్రికలు, స్థానిక ప్రసార మాధ్యమాలు ప్రతి తల్లికీ చేరవేయగలిగితే అనేక ఇళ్ళలో పసిపిల్లలు చలి రాత్రులలో సురక్షితంగా నిద్రించగలుగుతారు.