కొండవాలు మీది బంతియాట



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి కొండలు క్రొత్తవి కావు. జమ్మలమడుగునకు పడమట ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న గండికోట యొద్ద లోతైన గండిలో పాఱుచున్నది. వేంపల్లె సమీపమున పాపఘ్ని కూడ నట్లే కొండను భేదించుకొని వచ్చుచున్నది. ఇట్టి నేలలో పుట్టినవారమయ్యు, కొండవాలును చూచినప్పుడు మనకు కోటయో, గుడియో, రాతిగనియో, గొఱ్ఱెల మేతయో స్ఫురించును గాని ఆటస్థలము స్ఫురింపదు. ఆటయనగా చదునైన బయలు కావలయునని మన విశ్వాసము. ముప్పదియైదేండ్లు బడిపంతులుగ నున్న నాకును ఆ విశ్వాసమే యుండెను. అది పొరపాటని అరువదియైదవ యేట గ్రహించితిని. అందులకు కారణమైనది గోల్ఫు అను బంతియాట. ఆ యాటను గూర్చియు, కొండమీద దాని స్థలమును పరీక్షించు విధమును గూర్చియు నేడు మనవి చేసెదను. ఇది నాకేల ముఖ్యమైనదో చివర చెప్పుకొందును.

గోల్ఫు స్కాట్లండు దేశపు ఆట. మన దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు ప్రధాన కలెక్టరుగ నుండి, గండి క్షేత్రమును గూర్చిన కథలో నేటికిని పేరు వినబడు సర్ థామస్ మన్రో ఆ దేశమువాడే. అచట నీ యాట ఎంత ప్రబలెననగా, జనులు విలువిద్యాభ్యాసమును మానుచున్నారని 1457లో శాసనముచేసి దీనిని నిషేధించిరి. నిషేధము నిలువలేదు, ఆట నిలిచినది. 1829లో కలకత్తాలో దీనికొక సంఘమేర్పడెను. బ్రిటిషు దీవులకు వెలుపల నున్న సంఘములలో నదియే మిక్కిలి ప్రాచీనముగ నెన్నబడుచున్నది. మన ఆంధ్రదేశమున విశాఖపట్టణమునందలి ఈస్టు పాయింటు గోల్ఫు క్లబ్బు 1884లో పుట్టినది. అదియు సముద్రమునకు చేరువగ మిట్టపల్లముల నేలపైననే యున్నది. నేను పుట్టి పెరిగి ఉద్యోగము చేసిన యీ మూడు తాలూకాలలో మాత్రము ఆ యాట నాకెన్నడును కంటబడలేదు.

ఆట సూత్రము చెప్పుటకు సులభము. 42.67 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసమును, 45.93 గ్రాములకు మించని బరువును గల గట్టిబంతిని కఱ్ఱతో కొట్టుకొనుచు పోయి, 108 మిల్లీమీటర్ల వెడల్పుగల గుంతలో పడవేయవలెను. మన బిళ్ళంగోడునకు ఇది దూరపు చుట్టము. అయితే ఎదుట నిలిచి బిళ్ళను పట్టుకొనువారు ఇచట నుండరు. పూర్తి ఆటకు గుంతలు పద్దెనిమిది. ఒక్కొక్క గుంతను నిపుణుడు ఎన్ని దెబ్బలలో ముగింపవలెనో ముందే నిర్ణయించి యుందురు. దానిని పారు అందురు. తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలుచును. దూరమును బట్టియు నేలను బట్టియు మార్చుకొనుటకు 14 కఱ్ఱల వఱకు వెంట తీసికొనిపోవచ్చును. బంతి ఎక్కడ పడినదో సాధారణముగ అక్కడనుండియే తిరిగి కొట్టవలెను; మంచి చోటు చూచుకొని దానిని జరుపుకొనుటకు వీలులేదు. ఈ నియమమే ఆటకు ప్రాణము. నేల యెట్టిదో దానితోనే ఆటగాడు వేగవలెను.

నా మేనల్లుడు ఉద్యోగరీత్యా సిమ్లాలో నున్నాడు. వాని పిలుపుమీద ఒక వేసవిలో నేనచటికి పోయితిని. సిమ్లాకు సుమారు 23 కిలోమీటర్ల దూరమున, రెండువేల మీటర్లకు పైబడిన యెత్తున, నాల్‌దెహ్రా యను చోట దేవదారు వృక్షముల నడుమ కొండవాలుమీద నొక గోల్ఫు స్థలమున్నది. 1899 మొదలు 1905 వఱకు వైస్రాయిగ నున్న కర్జను ప్రభువు ఈ చోటును మెచ్చి ఆట నేర్పాటు చేసెను. 1904లో పుట్టిన తన కూతునకు పేరులో ఈ యూరి పేరును చేర్చుకొనెను. నాగుని దేవళమగుటచేత ఆ పేరు వచ్చినదని అచటివారు చెప్పుదురు. నాగదేవత గుడి నేటికిని ఆటస్థలముననే యున్నది. దొరల విహారమునకై యేర్పడిన ఆ స్థలము నేడు హిమాచలప్రదేశ ప్రభుత్వపు పర్యాటక సంస్థ నిర్వహణములో నున్నది. రుసుము చెల్లించినచో సభ్యులు కానివారును ఆడవచ్చును.

మేనల్లుడు కఱ్ఱ నా చేతికిచ్చి, "మామా, ఊరికే చూస్తూ కూర్చుంటారా? ఒక దెబ్బ కొట్టి చూడండి" అనెను. పంచె బిగించి నిలిచితిని. మొదటి మూడు పర్యాయములు గాలినే కొట్టితిని. నాలుగవసారి బంతి లేచి, ఎదుటి పచ్చికమీద చక్కగ పడినది. నేను సంతోషించులోపుగనే అది మెల్లగ కదలి, వాలు వెంబడి దొర్లి, ముప్పది గజముల దిగువన దేవదారు వేళ్ళ సందున చిక్కినది. కఱ్ఱల సంచి మోయుచు మా వెంట వచ్చిన సహాయకుడు ఆ కొండయూరివాడు. అతడు నవ్వలేదు. నేను గుఱిచూచిన చోటునకు చాల యెగువన నున్న యొక రాతిని చూపి, అటు కొట్టుమనియు, కొండయే బంతిని తెచ్చి యిచ్చుననియు హిందీలో చెప్పెను. అట్లు కొట్టగా నా దుర్బలపు దెబ్బయు ఎగువన పడి, వాలుననుసరించి వంగి వచ్చి, గుంతకు పది గజముల దూరమున నిలిచినది. మేనల్లుడు చేతిఫోనులోని సాధనముతో ఆ వాలును కొలువగా నూఱడుగులకు పండ్రెండడుగుల దిగుడు తేలినది. మూడు గుంతలాడి, ముప్పదియొక్క దెబ్బలతో విరమించితిని. పిమ్మట వాని వెంట నడచుచు స్థలమును పరిశీలించితిని.

పరీక్షకుడు మొట్టమొదట చూడవలసినది వాలునకును దెబ్బకును గల సంబంధము. కుడిచేతివాటపు ఆటగాని పాదములకంటె బంతి యెత్తున నున్నచో దెబ్బ యెడమకు పోవును. పల్లమున నున్నచో కుడికి పోవును. ఎగువకు కొట్టిన బంతి త్వరగ నేల తాకును. దిగువకు కొట్టినది ఎక్కువ దూరము పోవును. ఎత్తైన ప్రదేశమున గాలి పలుచన గనుక, నాల్‌దెహ్రా వంటి చోట నూఱు గజముల దెబ్బ ఏడెనిమిది గజములు అదనముగ సాగును. గుంత చుట్టు నున్నగ కత్తిరించిన పచ్చికపట్టుపై నింకొక చిత్రము గలదు. కంటికి ఎగుడుగ తోచిన వైపునకే బంతి దిగువకు వలె దొర్లిపోవును. చుట్టునున్న కొండయంతయు వాలియుండుటచేత సమతలమేదో కన్ను పోల్చుకొనలేదు. ఇట్టి చోట కన్నును నమ్ముటకంటె లోయ యెటున్నదో చూచుకొనుట మేలు.

ఇన్ని చిక్కులుండుట దోషము కాదు. ఆలోచించి కొట్టిన దెబ్బకు కొండ తగిన ఫలమిచ్చుచున్నదా యనునదే ప్రశ్న. ఆలోచించినవాని బంతియు, ఆలోచింపనివాని బంతియు ఒకే లోయలో పడునట్లున్నచో ఆ స్థలము ఆటకు తగదు. నాల్‌దెహ్రా పెక్కుచోట్ల ఈ పరీక్షకు నిలిచినది. కొన్నిచోట్ల మాత్రము గుట్టకు ఆవల నున్న గుంత కనబడకుండగనే కొట్టవలసి వచ్చెను. తెలిసినవాని తోడు లేనిచో క్రొత్తవాని కది గ్రుడ్డిదెబ్బయే. ఆవల నడచుచున్నవారికి ప్రమాదము కూడ. దానిని నేను లోపముగనే లెక్కించితిని.

రెండవది, బలహీనునకు దారి యున్నదా యని చూచుట. మన శాస్త్రములలో అధికారిభేదమని యొక మాట గలదు. వినువాని శక్తిని బట్టి చెప్పవలెనని దాని తాత్పర్యము. గోల్ఫువారు దీనికి లెక్కయే కట్టిరి. స్థలమునకు రెండంకెలుండును. నిపుణునకు అచట సాధారణముగ ఎన్ని దెబ్బలు పట్టునో మొదటిది తెలుపును. నిపుణునికంటె సామాన్యునకు ఆ స్థలము ఎంత యధిక కష్టమో రెండవది తెలుపును. ఈ రెండవ అంకె 55 మొదలు 155 వఱకుండును. 113 దానికి ప్రమాణము. 2020లో అమలునకు వచ్చిన ప్రపంచ పద్ధతిలో ఈ అంకెలను బట్టి బలహీనునకు అదనపు దెబ్బలు లభించును. అందుచేత తాతయు మనుమడును న్యాయముగ పోటీపడగలరు.

పొడవునుబట్టి స్థలమును తూచుట ఎంత తప్పో ఇందువలన తెలియును. నాల్‌దెహ్రాలో పద్దెనిమిది గుంతలకు పొడవు సుమారు 4,300 గజములు, పారు 68. పెద్ద పోటీలు జరుగు స్థలములు 7,000 గజములు దాటును. కాగితముమీద నాల్‌దెహ్రా చిన్నది. కాళ్ళతో ఎక్కి దిగినవానికి అది చిన్నదిగ తోచదు. నాకు మోకాళ్ళు రెండు దినములు ఆ సంగతిని చెప్పుచునే యున్నవి.

మూడవది నీరు. కొండవాలున వాన నిలువదు గనుక వెలిసిన కొంతసేపటికే ఆడవచ్చును. కాని కట్టడి లేనిచో ఆ నీరే మట్టిని కోసికొనిపోవును. వాలునకడ్డముగ కాలువలును గట్లును ఉన్నవా, అవి పూడక తెగక యున్నవా యని చూడవలెను. పచ్చికను పెంచుటకు నీరెక్కడిదని కూడ అడుగవలెను. మన కడప జిల్లాలో ఏడాది వర్షపాతము సుమారు 700 మిల్లీమీటర్లు. వేసవియెండ 40 డిగ్రీలు దాటును. ఇచట అట్టి పచ్చికను పెంచుట యనిన, పులివెందుల చీనీతోటకు పోవలసిన నీటిని బంతికి పోయుటయే. కావున మనకు గోల్ఫు స్థలము కావలెనని నేను చెప్పుటలేదు. మన దేశముననే అనేక పట్టణములలో పూర్వము గుంతల చుట్టు పచ్చికకు బదులు నూనె కలిపిన యిసుకను పఱచి ఆడెడివారు. నేల యిచ్చినదానితో ఆడుకొన నేర్చినవారికి పచ్చిక లేకపోవుట కొఱత కాలేదు.

నాలుగవది, తలుపు ఎవరికి తెఱచియున్నదనుట. బహిరంగ స్థలమని పలకమీద వ్రాసినంత మాత్రమున చాలదు. రుసుము సామాన్యుడు భరింపగలిగినదా, కఱ్ఱలు లేనివానికి అద్దెకు దొరకునా, క్రొత్తవానికి చెప్పువారున్నారా, ఆ కొండయూరివారికి ఆ స్థలమువలన జీవనము కలుగుచున్నదా యని చూడవలెను. నాల్‌దెహ్రాలో కఱ్ఱలును సహాయకులును దొరికిరి. గుడికి పోవువారిని ఎవరును అడ్డగింపలేదు. రుసుము మాత్రము మనవంటి పల్లెటూరి కుటుంబమునకు వేడుకగ నొకసారి పెట్టదగినదే గాని వారము వారము పెట్టదగినది కాదు. ఈ యొక్క విషయమున దానికి పూర్తి మార్కులీయ నా మనసొప్పలేదు.

ఇక నా మాట. సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట నేను జమ్మలమడుగు ప్రాంతమున నొక పల్లెలో ప్రధానోపాధ్యాయుడనుగ నుంటిని. బడి వెనుక వాలుగ నొక గుట్ట యుండెడిది. పిల్లలు సాయంకాలము దానిమీద ఆడుకొనెడివారు. ఒకనాడు ఒక బాలుడు వదులురాళ్ళపై కాలుజాఱి పడగా చేయి విఱిగినది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మఱునాడే గుట్టపైకి ఎవరును పోరాదని ఆజ్ఞ చేసి, ఆ స్థలము ఆటలకు పనికిరాదని పై అధికారులకు వ్రాసి పంపితిని. నేను గుట్టను కొలువలేదు, ఎక్కియు చూడలేదు. నా మాటను ఎవరును కాదనలేదు. కొన్ని యేండ్లకు ఆ గుట్ట నాపరాళ్ళు పేర్చుకొను చోటైనది. పిల్లలు రోడ్డుమీద ఆడుట మొదలుపెట్టిరి.

సిమ్లానుండి తిరిగివచ్చిన పిమ్మట అచటికి పోయితిని. రాళ్ళు పేర్చని యొక ప్రక్కను, మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో వాలును కొలిపించితిని. నూఱడుగులకు తొమ్మిదడుగుల దిగుడు. నేను అరువదియైదవ యేట పంచె బిగించి నిలిచిన వాలుకంటె ఇది తక్కువ. గుట్ట నడుమ నలువది యడుగుల వెడల్పున సహజమైన చదునుకూడ నున్నది. వదులురాళ్ళేరివేసి, వాలునకడ్డముగ రెండు రాతికట్లు వేసి, నడిమి చదునును చిన్నపిల్లలకు విడిచియుండినచో సరిపోయెడిది. ఊరివారు తలకొక దినము పనిచేసినను ముగిసెడి పని అది. ఆనాడు చేయి విఱిగిన బాలుడు ఇప్పుడు ముప్పది దాటిన గృహస్థు. నన్ను గుర్తించి దగ్గఱకు వచ్చెను. నేను క్షమాపణవంటి మాట యేదో పలుకగా, "సార్, చెయ్యి నలభై దినాలకు బాగైంది. గుట్ట మీద ఆట మాత్రం మళ్ళీ లేకపోయింది" అనెను. అతని మాటలో కోపము లేదు. అందుచేతనే అది నన్ను మఱింత బాధించినది.

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు, తలిదండ్రులు ఉందురు. మన యూళ్ళలో చదునైన బయళ్ళు ఇండ్లస్థలములగుచున్నవి. పిల్లలకు మిగులునవి గుట్టవాలులే. అట్టి చోటును గూర్చి మీ యభిప్రాయమడిగినప్పుడు కొలత టేపును నీటిగొట్టమును తీసికొని ఎక్కి చూడుడు. ఒక బంతిని విడిచి అది యెటు దొర్లునో, ఎక్కడ నిలుచునో చూడుడు. వానకాలమున నీరెటు పోవునో గొఱ్ఱెలకాపరిని అడుగుడు. చిన్నపిల్ల నడువగల దారి యున్నదేమో వెదకుడు. ఇంత చూచిన తరువాతను పనికిరాదని తోచినచో నిర్భయముగ అట్లే వ్రాయుడు. చూడకుండ మాత్రము వ్రాయకుడు. నేనట్టి కాగితము నొకదానిని వ్రాసితిని. దానిని మరలించుకొనుటకు నేడు నాకు వీలులేదు.